ఉస్మానియాలో కట్టండి, కానీ ముందు పటం చూపించండి

గౌరవనీయులైన సంపాదకులకు,

2025 ఆగస్టు 25న ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి ఉస్మానియా విశ్వవిద్యాలయంలో దాదాపు 80 కోట్ల రూపాయలతో కట్టిన దుందుభి, భీమా వసతిగృహాలను ప్రారంభించారు. అదే ఏడాది డిసెంబరు 10న మళ్లీ క్యాంపస్‌కు వచ్చి, వర్సిటీ అభివృద్ధికి 1,000 కోట్ల రూపాయలు ప్రకటించారు. ఆ వర్సిటీ ఆర్ట్స్ కాలేజీలోనే ఎం.ఏ. చదువుకుని, హబ్సిగూడ వైపు ముప్ఫై ఏళ్లుగా కాపురముంటున్న దానిగా ఈ వార్తకు మనస్ఫూర్తిగా సంతోషించాను. ఆ సంతోషంతోనే, క్యాంపస్ చుట్టూ బతుకుతున్న మా అందరి తరఫున ఒక కోరిక కోరడానికి ఈ ఉత్తరం రాస్తున్నాను.

హాస్టళ్లు కావాలి. ఈ విషయంలో రెండో మాటకు తావు లేదు. జిల్లాల నుంచి వచ్చి, సీటు దొరికినా గది దొరకక, స్నేహితుడి గదిలో నాన్ బోర్డరుగా మంచాల మధ్య చాప పరుచుకుని చదివిన తరాలు ఈ విశ్వవిద్యాలయానికి కొత్త కాదు. అదీ కుదరనివాళ్లు మాణికేశ్వరినగర్‌లోనో విద్యానగర్‌లోనో చిన్న గది అద్దెకు తీసుకుని, ఇంటి నుంచి వచ్చే డబ్బులో సగం దానికే పోస్తున్నారు. ఆ గదులు అద్దెకిచ్చేవాళ్లూ, మెస్సులు నడిపేవాళ్లూ ఎక్కువమంది చిన్న మనుషులే. కొత్త హాస్టళ్లు వస్తే వాళ్ల రాబడి కొంత తగ్గవచ్చు. అయినా పిల్లలకు గదులు కట్టవద్దని అనేవాళ్లు మా వైపు ఎవరూ నాకు తారసపడలేదు.

నేను అడుగుతున్నదల్లా ఎక్కడ కడతారు, ఆ చోట ఇప్పుడు ఏముంది, అక్కడ కురిసే వాన రేపు ఎటు పోతుంది అన్న మూడు సంగతులు తవ్వకం మొదలుకాకముందే అందరికీ తెలియాలని. ఈ ప్రాంగణం పుట్టుకలోనే ఆ పద్ధతి ఉంది. 1918లో ఏర్పడిన విశ్వవిద్యాలయానికి శాశ్వత భవనాలు కట్టాలనుకున్నప్పుడు, సయ్యద్ అలీ రజా, నవాబ్ జైన్ యార్ జంగ్ అనే ఇద్దరిని ముందుగా విదేశీ విశ్వవిద్యాలయాలు చూసి రమ్మని పంపారు. వాళ్లు తిరిగి వచ్చాక బెల్జియం వాస్తుశిల్పి జాస్పర్ చేత నమూనా గీయించారు. ఆర్ట్స్ కాలేజీ భవనం 1939 డిసెంబరు 4న ప్రారంభమైంది. చూసి, ఆలోచించి, గీసి, ఆ తర్వాతే కట్టారు కాబట్టే అది నేటికీ చెక్కుచెదరకుండా ఉంది.

అన్నిటికన్నా నన్ను కలవరపెడుతున్నది నీళ్ల సంగతి. క్యాంపస్ అంతా గట్టి రాతి నేల. పైన ఉన్న మొరం పొర, దాని కింది రాతి పగుళ్లు, ఇవే ఇక్కడి భూగర్భజలానికి నిలవ. ఆ మొరం మీద చెట్టూ గడ్డీ ఉన్నంతకాలం వాన నిదానంగా ఇంకుతుంది; దాన్ని సిమెంటుతో మూసేస్తే పల్లానికి పరుగెడుతుంది. ఒక ఎకరం కప్పు మీద పది సెంటీమీటర్ల వాన పడితే నాలుగు లక్షల లీటర్లకు పైగా నీరు దిగుతుంది. అంత వాన హైదరాబాద్‌లో ఇప్పుడు ఒక్క రాత్రిలో పడుతోంది.

ఇది పుస్తకంలో చదివి చెబుతున్న మాట కాదు. మా వీధి చివర కొన్నేళ్ల కిందట ఒక ప్రైవేటు భవనానికి రెండు అంతస్తుల సెల్లారు తవ్వారు. గోతిలోకి ఊరుతున్న నీటిని రాత్రింబవళ్లు మోటార్లు పెట్టి రోడ్డు మీదికి తోడి పోశారు. ఆ వేసవిలో మా బోరు గాలి కక్కింది. పక్క నాలుగిళ్ల బోర్లూ అంతే. జూన్‌లో మొదటి పెద్ద వానకు ఆ తవ్విన మట్టి ఎర్రటి బురదగా దిగి మురుగు కాలువను పూడ్చేసింది. మూల మీద ఇస్త్రీ బండి పెట్టుకునే ఆవిడ, జనం బట్టల మూటలు నెత్తిన పెట్టుకుని, మోకాలి లోతు నీళ్లలో మా గుమ్మానికి వచ్చి ‘అమ్మా, వీటిని కాస్త లోపల పెట్టుకోండి’ అని అడిగింది. ఒక్క భవనమే ఇంత చేస్తే, ఒక ప్రాంగణం నిండా ఒకేసారి లేచే భవనాలకు ముందుచూపు ఎంత అవసరమో ఇంజినీర్లకు నేను చెప్పనక్కర్లేదు.

చెట్ల విషయంలో 2002 నాటి వాల్టా చట్టం, అంటే నీరు, భూమి, చెట్ల చట్టం ఉంది. నరకాలంటే అనుమతి తీసుకోవాలి. అయితే అనుమతి వచ్చిందంటే నరికివేయడమే అన్న అలవాటు మారాలి. ముదిరిన వేపను వేళ్లతో పెకలించి ఇంకోచోట నాటినంత మాత్రాన అది బతుకుతుందన్న పూచీ లేదు. భవనాన్ని పది గజాలు పక్కకు జరపడం, ఖాళీ జాగాల్లోకి పరచకుండా పైకి కట్టడం, పాడుబడిన పాత కట్టడాల స్థలాన్ని ముందుగా వాడుకోవడం అంతకంటే మేలు. ఇక్కడ తెల్లవారుజామున నెమళ్ల కూత వినిపిస్తుంది. తార్నాక, అంబర్‌పేట, సీతాఫల్‌మండి జనం ఉదయం నడకకు వచ్చేదీ ఈ నీడలోకే.

రోడ్ల సంగతి ఒక్క మాటలో చెబుతాను: కాంక్రీటు లారీలను బడి వేళల్లో క్యాంపస్ దారుల్లోకి రానివ్వకండి.

ఒకప్పుడు 1,600 ఎకరాలకు పైగా ఉన్న భూమి ఇది. ఆక్రమణల మీద వివాదాలు ఏళ్ల తరబడి నడుస్తూనే ఉన్నాయి కాబట్టి, కొత్త పునాదులకంటే ముందు హద్దులు కొలిచి రాళ్లు పాతడం న్యాయం.

విశ్వవిద్యాలయ అధికారులను, ప్రభుత్వాన్ని మీ పత్రిక ద్వారా కోరుతున్నది ఇది. భవనాలు, కాలువలు, ఇంకుడు గుంతలు, తొలగించదలచిన చెట్లు అన్నీ గుర్తించిన పటాన్ని తెలుగులో అచ్చువేయించి ఎన్‌సీసీ గేటు దగ్గర, తార్నాక వైపు ద్వారం దగ్గర అతికించండి. ఒక ఆదివారం ఉదయం ఆర్ట్స్ కాలేజీ ముందు విద్యార్థులతోపాటు చుట్టుపక్కల బస్తీల వాళ్లనూ కూర్చోబెట్టి ఆ పటాన్ని వివరించండి. వాన నీటి కాలువలు, ఇంకుడు గుంతలు పూర్తయ్యాకే ఏ భవనానికైనా మొదటి అంతస్తు స్లాబు వేయించండి. ఆ ఆదివారం ఏ తేదీనో ప్రకటిస్తే, మా కాలనీ నుంచి పదిమందిని వెంటబెట్టుకుని వస్తాను.

ఇట్లు,
ఒక విశ్రాంత అధ్యాపకురాలు,
హబ్సిగూడ, హైదరాబాద్.