ఆదివారం ఆర్కిడ్లకు కుండీల మార్పు

సభ్యులందరికీ నమస్కారం.

ఈ ఆదివారం ఉదయం 10 గంటలకు మన ఫెలనాప్సిస్ ఆర్కిడ్లను కొత్త కుండీల్లోకి మార్చే పని అందరం కలిసి చేద్దాం. పూత ముగిసిన మొక్కలనే తీసుకురండి. మొగ్గలతో ఉన్నవాటిని ఇప్పుడు కదిలిస్తే అవి రాలిపోయే ప్రమాదం ఉంది.

ప్రతి ఒక్కరూ రంధ్రాలు ఎక్కువగా ఉన్న కుండీని, ముందురోజు రాత్రంతా నీటిలో నానబెట్టిన బెరడు ముక్కలను, పదునైన కత్తెరను వెంట తెచ్చుకోవాలి. తోటమట్టి మాత్రం తేవద్దు. ఈ జాతి మొక్కలు అడవిలో చెట్ల కొమ్మలను పట్టుకొని పెరుగుతాయి గనుక వాటి వేళ్లకు తేమతో పాటు గాలి కూడా అందాలి. మట్టిలో నాటితే అవి ఊపిరాడక కుళ్లిపోతాయి. నా మొదటి మొక్కను నేను పోగొట్టుకున్నది అలాగే.

మెత్తబడి గోధుమరంగుకు తిరిగిన వేళ్లను కత్తిరించి, గట్టిగా ఉన్నవాటిని ఉంచుతాం. వైరస్ తెగుళ్లు పనిముట్ల ద్వారా వ్యాపిస్తాయి, ఒకసారి సోకితే వాటికి మందు లేదు కాబట్టి, మొక్క మారిన ప్రతిసారీ కత్తెరను శుభ్రం చేయడం తప్పనిసరి.

ఈలోగా వేళ్లు వెండిరంగులోకి మారాకే నీరు పోయండి. ఆకుల నడుమ మొవ్వులో నీరు నిలిస్తే దూదితో అద్దేయండి.

ఎన్ని మొక్కలు తెస్తున్నారో శుక్రవారం సాయంత్రంలోగా ఇక్కడే తెలియజేయగలరు.