మన టైలరింగ్ కొట్టు వెనక గల్లీలోకి మారుతోంది

నమస్తే అక్కా, సలాం ఆపా, రామ్ రామ్ భాభీ.

ముందు తప్పు ఒప్పుకుంటాను. పోయిన నెల తొమ్మిది మందికి బ్లౌజులు చెప్పిన తేదీకి ఇవ్వలేకపోయాను. కొట్టు ఖాళీ చేయాలన్న టెన్షన్‌లో కొలతల పుస్తకం ఎక్కడో పెట్టి మరచిపోయాను. చివరికి లైనింగ్ బట్టల మూటలో దొరికింది. ఆ తొమ్మిది మందికీ ఈసారి ఫాల్, పీకో డబ్బులు తీసుకోను.

ఖాళీ చేయడం ఎందుకో మీకు తెలిసిందే. హైదరాబాద్ ఎంజీబీఎస్ బస్‌స్టేషన్ నుంచి చాంద్రాయణగుట్ట దాకా 7.5 కిలోమీటర్ల మెట్రో కోసం మన శాలిబండ రోడ్డును 100 అడుగులకు వెడల్పు చేస్తున్నారు. 2024 మార్చిలో ఫలక్‌నుమాలో శంకుస్థాపన జరిగిన రోజు నేను స్వీట్లు పంచాను. ఇన్నాళ్లకు పాతబస్తీకి మెట్రో అని. గోడ మీద మార్కింగ్ పడ్డాక నవ్వాలో ఏడవాలో తెలియలేదు. గజానికి 81,000 రూపాయల పరిహారం స్థలం ఓనర్‌కు వస్తుంది, నేను కిరాయిదారును. ఆయన మంచివారు, కొట్టు తీసుకున్నప్పుడు నేనిచ్చిన పగిడీ (అడ్వాన్సు) పైసలు తిరిగిచ్చారు. బోర్డు, కౌంటర్, నిలువుటద్దం నావి, మోసుకుపోతున్నాను.

ఆ కొలతల పుస్తకం పోతే ఎందుకంత గాబరా పడ్డానో చెప్పాలి. మన పేటంతా అందులోనే ఉంది. లాల్ దర్వాజ, గౌలిపుర నుంచి వచ్చేవాళ్లు తెలుగులో బేరమాడతారు. ఘాన్సీ బజార్ భాభీలు బేరం మొదలుపెట్టేది హిందీలో, ముగించేది మార్వాడీలో. బార్కస్ నుంచి వచ్చే ఆపాలది ఇంకో కథ. నిజాం ఫౌజులో పనిచేసిన యెమెన్ అరబ్బుల మనవరాళ్లు వాళ్లు. బ్యారక్స్ అన్న మాటే జనం నోట్లో బార్కస్ అయింది. సీజన్‌లో ఒక సంచీ జామకాయలు తెస్తారు, బ్లౌజు రేటు మాత్రం తగ్గించాల్సిందే. వేరే చోట్ల ఆషాఢంలో పెళ్లిళ్లు లేక టైలర్లు ఈగలు తోలుకుంటారు. మనకు లాల్ దర్వాజ బోనాలు ఉన్నాయి. రంజాన్‌లోనైతే చాంద్ రాత్ దాకా, అంటే ఈద్ ముందు రాత్రి దాకా, మిషన్ చప్పుడు ఆగదు.

ఇక సర్కారు పనుల సంగతి. చార్మినార్ చుట్టూ బండ్లు లేకుండా నడకదారి, పాత మహళ్ల మరమ్మతు, ఇప్పుడు మెట్రో. అన్నీ కావాల్సినవే. సర్దార్ మహల్ సంగతి తెలుసుగా? 1900లో ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ కట్టించిన మహల్, పన్ను బాకీ కింద 1965లో మున్సిపాలిటీ చేతికి వచ్చింది. అందుకే ఏప్రిల్‌లో 5 శాతం తగ్గింపు ఉండగానే ఇంటి పన్ను కట్టేయమని మా ఓనర్‌కు ఏటా నేనే గుర్తుచేస్తుంటాను.

నన్నడిగితే మాత్రం వరుస మార్చమంటాను. ముందు ఆడవాళ్లకు శుభ్రమైన టాయిలెట్లు. పొద్దుటి నుంచి బజారులో తిరిగిన ఆడమనిషి కొలతలు ఇవ్వడానికి వచ్చి మొదట అడిగేది బాత్‌రూమే. తర్వాత నాలాలు, ఆ తర్వాత నడిచే చోటు. మెట్రో చార్మినార్ స్టేషన్ అసలు చార్మినార్‌కు దాదాపు అర కిలోమీటరు దూరంలో వస్తుందట. ఆ అర కిలోమీటరు పిల్లను చంకనెత్తుకుని నడవాలి కదా.

కొత్త గది వెనక గల్లీలోనే. స్కూటీ వస్తుంది, కారు రాదు. ట్రయల్ రూమ్ లేదు, పరదా కట్టాను. బాత్‌రూమ్ ఉంది! మగ్గం వర్క్ ఇకనుంచి కార్చోబ్ (చట్రం మీద జరీ కుట్టే) పనివాళ్ల ఇళ్లలోనే జరుగుతుంది, కాబట్టి నాలుగు రోజులు ఎక్కువ పడుతుంది. బ్లౌజుకు 50 రూపాయలు పెంచుతున్నాను. కిరాయి తగ్గింది, నిజమే. కానీ రోడ్డు మీద బోర్డు చూసి లోపలికి వచ్చే కొత్త గిరాకీ ఇక ఉండదు, ఆ లోటు ఎక్కడో పూడాలి. బోనాల ఘటం ఊరేగింపు రోజు, మొహర్రంలో బీబీ కా ఆలం ఊరేగింపు రోజు ట్రయల్‌కు రాకండి, దారిలో ఇరుక్కుపోతారు.

కుట్టి పెట్టినవి, ఎవరూ తీసుకెళ్లనివి ఇంకా ఇరవై మూడు ఉన్నాయి. అందులో ఒక ఆకుపచ్చ పట్టు బ్లౌజు కొలతలు 2021లో తీసుకున్నవి. ఎవరిదో వాళ్లు రండి అక్కా, అవసరమైతే సైడు కుట్లు విప్పి వదులు చేసిస్తాను.