కమిషనర్ గారూ, షెల్టర్ మా కాలనీలోనే పెట్టండి

హైదరాబాద్ మున్సిపల్ కమిషనర్ గారికి నమస్కారం.

మా వీధి చివర, గూడు లేనివాళ్లు తలదాచుకునే నైట్ షెల్టర్ వద్దంటూ ఇంటింటికీ తిరిగి సంతకాలు పెట్టిస్తున్నారు. "మంచి పనే, కానీ ఇక్కడ కాదు" అంటున్నారు. దయచేసి ఆ అర్జీ చూసి వెనక్కి తగ్గకండి. లక్ష జనాభాకు ఒక షెల్టర్ ఉండాలని, అది ఏడాదంతా 24 గంటలూ నడవాలని సుప్రీంకోర్టు 2010లోనే చెప్పింది. 2011 లెక్కలకే నగర జనాభా 67 లక్షలు దాటింది.

ఉస్మానియా, నిలోఫర్ ఆసుపత్రుల బయట అట్టముక్కలు పరుచుకుని పడుకునేవాళ్లలో రోగుల బంధువులున్నారు, అడ్డా కూలీలున్నారు. మన ఇళ్లు కట్టిన చేతులండీ అవి!

మావాళ్ల భయం తీరాలంటే రాత్రంతా వాచ్‌మన్ ఉండాలి. మూట దాచుకోవడానికి తాళం పెట్టె, ఆడవాళ్లకు వేరే షెల్టర్ లేకపోతే అక్కడికి ఎవరూ రారు. నిర్ణయానికి ముందు ఒక్కసారి మా కాలనీ మీటింగ్‌కు రండి. షెల్టర్ కావాలని అందరి ముందూ నేను మాట్లాడతాను.