రెండు నిమిషాలేగా అని తీసేయకు

చిన్నీ,

నువ్వు పెట్టిన మెసేజ్ రెండుసార్లు చదివాను. నీ హారర్ సినిమాలోంచి రెండు నిమిషాలు తీసేస్తే సెన్సార్ వాళ్లు యూఏ 13+ సర్టిఫికెట్ ఇస్తారని పెట్టుబడి పెట్టినవాళ్లు పట్టుబడుతున్నారని, నీకు కూడా "రెండు నిమిషాలేగా నాన్నా" అనిపిస్తోందని రాశావు. ఫోన్‌లో చెప్తే సగంలో అడ్డొస్తావు, అందుకని కూర్చుని రాస్తున్నా. మీటింగ్‌కి వెళ్లేలోపు చదువు.

'కర్స్‌డ్' అని ఒక సినిమా ఉంది, 2005లో వచ్చింది. కుర్రకారు కోసం తీసిన హారర్, తోడేలు మనుషుల కథ. దర్శకుడు వెస్ క్రేవెన్, రాసింది కెవిన్ విలియమ్సన్. 1996లో 'స్క్రీమ్' తీసి, అమెరికాలో చచ్చిపోయిందనుకున్న టీనేజ్ హారర్‌ని లేపి నిలబెట్టిన జంట వాళ్లు. మేకప్‌కి రిక్ బేకర్. ఆస్కార్‌లో మేకప్‌కి ప్రత్యేకంగా విభాగం పెట్టిన మొదటి ఏడాదే తోడేలు మనిషి మేకప్‌కి అవార్డు తీసుకున్న మనిషి. ఇంతకంటే ఎవరిని తెస్తారు చెప్పు? అయినా పోయింది. 3.8 కోట్ల డాలర్లు ఖర్చయిందంటారు, ప్రపంచమంతా కలిపి వచ్చింది 3 కోట్ల లోపే.

2003లో షూటింగ్ మొదలైంది. మధ్యలో స్టూడియో ఆపించింది, కథ తిరగరాయించింది, తీసిన దాంట్లో చాలా భాగం పక్కన పెట్టి మళ్లీ తీయించింది. ఈ గొడవలో నటుడు స్కీట్ ఉల్రిచ్ పాత్రే కథలోంచి పోయింది, మరికొందరు నటుల సీన్లూ పోయాయి. బేకర్ చేసిన దాంట్లో ఎక్కువ భాగం ఎగిరిపోయి దాని స్థానంలో కంప్యూటర్ తోడేలు వచ్చింది, దాన్ని చూస్తే భయం కాదు జాలి వేస్తుంది. ఇదంతా అయ్యాక ఆఖర్లో, పెద్దవాళ్లకని తీసిన సినిమాని, కుర్రాళ్లు ఒంటరిగా కూడా చూడగలిగే పీజీ-13 రేటింగ్‌కి కుదించారు.

ఎందుకంటే అక్కడ 'ఆర్' రేటింగ్ వస్తే 17 ఏళ్ల లోపు పిల్లలు పెద్దవాళ్లు వెంట లేకుండా హాల్లోకి వెళ్లలేరు. 2002లో 'ది రింగ్', 2004లో 'ది గ్రడ్జ్' రెండూ పీజీ-13తో వచ్చి ఒక్క అమెరికాలోనే చెరో పది కోట్ల డాలర్లు దాటించాయి. లెక్కలు చూసేవాళ్లకి అందులో కనిపించింది రేటింగ్ ఒక్కటే. ఆ రెండు సినిమాల్లో భయం నెత్తుటి మీద ఆధారపడలేదని, మొదటి పేజీ నుంచీ అలాగే కట్టుకుంటూ వచ్చారని ఎవరికీ పట్టలేదు.

మన దగ్గరా అదే లెక్క. 'ఏ' వస్తే కుర్రాళ్లు రారు, పైగా టీవీలో వేయడానికి లేదు కాబట్టి శాటిలైట్ డబ్బులూ పోతాయి. ఇప్పుడు యూఏలోనే 7+, 13+, 16+ అని మూడు మెట్లు చేశారు కదా, మరి మీవాళ్లు 16+ దగ్గర ఎందుకు ఆగట్లేదు, దాని మీద అసలు మాట్లాడారా? వాళ్ల డబ్బు భయం నాకు అర్థమవుతుంది. వాళ్లని విలన్లుగా చూడకు. కానీ సినిమాలో ఎక్కడ కత్తెర పెట్టాలో ఆ భయానికి తెలియదు, అది నీకే తెలియాలి.

'కర్స్‌డ్'కి థియేటర్ వెర్షన్ 97 నిమిషాలు, తర్వాత డీవీడీలో వచ్చిన కోతల్లేని వెర్షన్ 99. సరిగ్గా నీ రెండు నిమిషాలే. మొదట్లోనే కొండ రోడ్డు మీద రాత్రిపూట యాక్సిడెంట్. అక్కాతమ్ముళ్ల కారు ఇంకో కారుని గుద్దుతుంది, అది పల్టీలు కొట్టి లోయలోకి పోతుంది. లోపల ఒక అమ్మాయి ఇరుక్కుపోయి ఉంటే వీళ్లు బయటికి లాగుతుంటారు. సీటుబెల్టు రాదు, ఆ పిల్ల ఏడుస్తుంటుంది, చీకట్లో ఏదో కదులుతుంది. బాగా తీశాడు, ఊపిరి బిగబట్టి చూస్తాం. అది వచ్చి పిల్లని లాక్కుపోతుంది. కోతల్లేని వెర్షన్‌లో ఆ చావు పూర్తిగా చూపించారు, థియేటర్ వెర్షన్‌లో లాక్కుపోవడంతో సరి. కూర్చోబెట్టి విస్తరేసి లేపేసినట్టు ఉంటుంది. ఆ పిల్లని కాపాడలేకపోయామన్న దెబ్బ అక్కాతమ్ముళ్లకి తగలాలి, ఆ దెబ్బతోనే మిగతా కథ నడవాలి. అది తగల్లేదు. దాంతో తర్వాత గంటన్నరా వాళ్లు ఎందుకంత హడలిపోతున్నారో మనకి ఎక్కదు. అమ్మానాన్న లేని ఇంట్లో తమ్ముణ్ణి పెంచుతున్న అక్క, ఇద్దరికీ ఒకే శాపం, ఎంత మంచి కథ! నాకు అసలు బాధ అక్కడే.

నేను కోడంబాక్కం ఎడిటింగ్ రూముల్లో అసిస్టెంటుగా ఉన్న రోజుల్లో రెండు నిమిషాలంటే చేత్తో పట్టుకునే వస్తువు. నిమిషానికి 90 అడుగులు, రెండు నిమిషాలకి 180 అడుగుల ఫిల్ము, అడుగుకి 16 చొప్పున 2,880 ఫ్రేములు. మా ఎడిటర్ గారు ఒక షాటు చివర ఆరు ఫ్రేములు తీయాలా, ఎనిమిది తీయాలా అని ఫిల్ము మీద గీసే మైనపు పెన్సిలుతో గీత పెట్టి, చెరిపి, మళ్లీ పెట్టేవారు. హారర్ రీలైతే మరీను. ఎనిమిది తీస్తే హాలు అరుస్తుంది, ఆరు తీస్తే ఎవరో ఒకరు నవ్వుతారు. సెన్సార్ కట్ చెప్పినచోట అంతవరకే ముక్క తెంపి అతికిస్తే సీను కుంటుతుందని, ముందు రెండు షాట్లు, వెనక రెండు షాట్లు విప్పి మళ్లీ కట్టేవారు.

క్రేవెన్ దగ్గరికే మళ్లీ వస్తా. అదే 2005 ఆగస్టులో, ఇంకో స్టూడియోకి అతను తీసిన 'రెడ్ ఐ' వచ్చింది. అదీ పీజీ-13నే! చాలాసేపు విమానంలో పక్కపక్క సీట్లలో ఇద్దరు మనుషులు, అంతే. ఒకచోట ఆ అమ్మాయి పెన్నుతో వాడి గొంతులో పొడుస్తుంది. నెత్తురు పెద్దగా చూపించడు. కానీ అక్కణ్ణుంచి వాడు మెడకి స్కార్ఫ్ చుట్టుకుని, గొంతు పెగలక బొంగురుగా మాట్లాడుతూ, ఈల వేసినట్టు ఊపిరి తీస్తూ ఆమె వెంటపడతాడు. పోటు ఒక్క క్షణమే అయినా నొప్పి సినిమా చివరిదాకా వినపడుతూనే ఉంటుంది. అదే దర్శకుడు, అదే ఏడాది, అదే రేటింగ్. ఒకటి కోసి పీజీ-13 చేసింది, ఇంకొకటి పీజీ-13గానే పుట్టింది.

ఇక నీ హాస్టల్ డాబా సీను. నీళ్ల ట్యాంకులోంచి చెయ్యి వచ్చే షాటూ, ఆ తర్వాతదీ తీసేయమంటున్నారన్నావు. వాళ్లు చెప్పినట్టు అక్కడ తెంపితే స్నేహితురాలి అరుపు ఎందుకో తెలియకుండా పోతుంది, నీకూ ఇంకో లోయ సీను తయారవుతుంది. తెంపకు. ట్యాంకు దగ్గర చూపించాల్సింది మెట్ల మీద నిలబడ్డ స్నేహితురాలి ముఖం మీదకి మార్చు. ఆ క్లోజప్ నీ దగ్గర ఉందా? లేకపోతే ఒక్క పూట ప్యాచ్ వర్క్, అంటే మిగిలిన షాట్ల షూటింగ్, అడుగు, ఆ అమ్మాయి ఒక్కతే చాలు, సెట్ కూడా అక్కర్లేదు. ముఖం మీద ఉండగానే నీళ్ల చప్పుడు టక్కున ఆగిపోవాలి. అరుపు వెంటనే వద్దు, ముందు ఆ పిల్లకి నోరు పెగలకూడదు. చెయ్యి కనిపించకపోయినా ఏం జరిగిందో అందరికీ తెలుస్తుంది, సర్టిఫికెట్టూ వస్తుంది. కానీ సినిమా చివర్లో తల్లి పాత్రని మార్చురీ దగ్గరికి తీసుకెళ్లే నలభై సెకన్లు మాత్రం ముట్టుకోనివ్వకు. అందులో ఒక్క చుక్క నెత్తురు లేదు, "స్లోగా ఉంది" అని అడుగుతున్నారంతే. సర్టిఫికెట్ పేరు చెప్పి స్పీడు కోసం కోసేది కూడా కలిపేస్తారు. ఏ కట్ దేనికోసమో విడివిడిగా కాగితం మీద రాసివ్వమని అడుగు, మర్యాదగానే అడుగు.

ట్యాంకు సీను రెండు రకాలుగా కట్ చేసి, రెండూ సౌండుతో ఒకసారి, సౌండ్ లేకుండా ఒకసారి నాకు లింకు పంపు. గురువారం రాత్రిలోపు పంపితే శుక్రవారం పొద్దున్న నీ మీటింగ్ కంటే ముందే ఫ్రేము నంబర్లతో సహా రాసి పంపిస్తా. అమ్మ వేళకి తింటున్నావా అని అడుగుతోంది, దానికీ జవాబు పెట్టు.

నాన్న
సాలిగ్రామం, చెన్నై