గోదారిలో రూపాయి బిళ్ళ

అంబాజీపేట
మంగళవారం మధ్యాహ్నం

ఒసేయ్ పావలా,

ముందు కోప్పడకు. ఉగాదికి నువ్వు రాసిన ఉత్తరానికి శ్రావణంలో జవాబు రాస్తున్నానని నాకూ తెలుసు. రెండుసార్లు మొదలుపెట్టానే. ఒకసారి "ఇక్కడ అంతా క్షేమం" దగ్గర ఆగిపోయింది. ఇంకోసారి సగం రాశాక చుట్టాలొచ్చారు, వాళ్ళు వెళ్ళేసరికి కాగితం ఎక్కడ పెట్టానో మర్చిపోయాను. ఇవాళ మాత్రం రాసి తీరాలి. ఎంచేతంటే పక్కింటి వదినగారి అబ్బాయి సాయంత్రం భిలాయి బయల్దేరుతున్నాడు, నీ చేతికే ఇస్తానన్నాడు. పైగా ఈ సంగతి నీకు చెప్పేదాకా నాకు నిద్ర పట్టేలా లేదు. ఫోన్లో చెప్పొచ్చుగా అంటావు. చెప్పలేనే. నువ్వు "ఆ తర్వాతో, ఆ తర్వాతో" అంటూ తరుముతావు, నేను కంగారులో అసలైనవన్నీ మింగేస్తాను.

ఇంట్లో సంగతులు గబగబా చెప్పేస్తాను. మీ అన్నయ్యగారి మోకాలు నయం. అబ్బాయికి ఇంకా సంబంధం కుదర్లేదు. మా తోడికోడలు మళ్ళీ మాట్లాడుతోంది. మాగాయ పంపిస్తున్నాను, సీసా మూతకి గుడ్డ కట్టాను, నిలబెట్టే ఉంచమని ఆ అబ్బాయికి మరీమరీ చెప్పాను. అంతే.

ఇక అసలుది. నేను రాత్రి బండిలో, స్లీపర్లో, ఒక్కదాన్నే హైదరాబాదు వెళ్ళొచ్చానే! యాభై నాలుగేళ్ళకి మొదటిసారి.

అమ్మాయికి జ్వరం పట్టుకుంది, అల్లుడు ఊళ్ళో లేడు. సరిగ్గా అప్పుడే గోదారి పొంగింది. ధవళేశ్వరం దగ్గర 11.75 అడుగులకొచ్చి మొదటి హెచ్చరిక వేశారు. అంటే పది లక్షల క్యూసెక్కులు. ఏటి మధ్య లంకలో మా గేదెలున్నాయి కదా, వాటిని గట్టు మీదికి తోలించకపోతే ఎలా? ఆయన కదలడానికి లేదు. "రెండ్రోజులు ఆగు, నేనూ వస్తాను" అన్నారు. అక్కడ పిల్ల మంచం మీద ఉంటే ఇక్కడ నేనెలా ఆగుతానే? నేనే వెళ్తానన్నాను. ఆయన ఏమీ అనకుండా లేచి వెళ్ళి, ఎక్కణ్ణించి తెచ్చారో గానీ, సంచీకి కట్టుకునే గొలుసూ తాళమూ తెచ్చి నా ముందు పెట్టారు. అదీ ఆయన ఒప్పుకోవడం.

టికెట్టు మాత్రం ఆర్.ఏ.సి. దగ్గరే ఆగిపోయింది. గౌతమి ఎక్స్‌ప్రెస్‌లో, ఎస్-6లో, 23. సైడు లోయరు. డబ్బులు పూర్తిగా కట్టినా సగం బెర్తే, రెండో సగం ఇంకెవరిదో. ఆ ఇంకెవరో ఎవరా అని కొత్తపేట దాటినప్పటి నుంచీ నాకు అదే దిగులు. రావులపాలెం వంతెన మీద బస్సులోంచి చూస్తే గౌతమి పాయ ఎర్రగా, చెట్ల నడుముల దాకా ఉంది. కడియపులంక దగ్గర నర్సరీల పూలన్నీ వానకి తడిసి ఉన్నాయి. మామూలుగా అయితే ఆ వాసనకి మెడ బయట పెట్టేదాన్ని. ఆ రోజు మాత్రం సంచీ గట్టిగా పట్టుకుని కూర్చున్నాను.

రాజమండ్రిలో బండెక్కి చూద్దును కదా, 23లో ఒక పిల్ల కూర్చుని ఉంది. ముప్పై, ముప్పై రెండేళ్ళుంటాయేమో. కొత్త చీర, కాళ్ళకి కొత్త బూట్లు, చీర మీద బూట్లు. సూట్‌కేసుకి కొబ్బరి తాడు చుట్టి ఉంది. నన్ను చూడగానే లేచి నిలబడి, "అమ్మా, మీదీ ఇదేనాండి?" అంది. అవునన్నాను. "ఆయ్, హమ్మయ్య. ఆడవాళ్ళే రావాలని పొద్దున్నుంచీ దణ్ణం పెట్టుకుంటున్నానండి" అంది. నేనూ అదే దణ్ణం పెట్టుకున్నానే! అప్పుడే నా భయం సగం దిగిపోయింది.

కువైట్ వెళ్తోంది. ఇళ్ళల్లో పనికి, ఇరవై నంబరు వీసా మీద. మన వైపు ఇంటికొకరు వెళ్తూనే ఉన్నారు కదా, నాకు వింతేం కాదు. కానీ వెళ్ళొచ్చినవాళ్ళనే చూశాను, బంగారంతో, పెద్ద పెద్ద దుప్పట్లతో. వెళ్ళే రాత్రి ఎలా ఉంటుందో ఎప్పుడూ చూడలేదు. వాళ్ళదీ లంక ఊరే. పొద్దున్న ఆ సూట్‌కేసుతో పడవెక్కి గట్టుకొచ్చిందట. భర్త కొబ్బరి చెట్లెక్కి కాయలు దింపే పని చేసేవాడు. రెండేళ్ళ కిందట చెట్టు మీంచి పడి నడుం పోయింది. అప్పులు. తొమ్మిదేళ్ళ కూతురుంది. ఇవన్నీ బండి కదలకముందే చెప్పేసింది, బాకీ అప్పజెప్పినట్టు.

ఇప్పుడు జాగ్రత్తగా చదువు.

బండి కదిలింది. గోదావరి స్టేషను వెనక్కెళ్ళిపోయింది. చక్రాల చప్పుడు మారింది. నీకు తెలుసుగా ఆ మార్పు, నేల మీద టకటకలాడేది ఒక్కసారిగా లోతుగా మోగుతుంది. ఆ పిల్ల గబుక్కున నా చెయ్యి పట్టుకుని, "అమ్మా, రూపాయి బిళ్ళుందాండి? నా దగ్గరున్న చిల్లరంతా పాపకిచ్చేశాను, గోదారమ్మకని ఉంచుకోవడం మర్చిపోయాను" అంది. పర్సులో ఐదు రూపాయల బిళ్ళ ఒక్కటే ఉంది, ఇచ్చాను. తీసుకోదే! "ఊరికే తీసుకుంటే నా మొక్కు అవదండి" అని, ఆకు పొట్లం విప్పి నా చేతిలో ఒక పొట్టిక్క పెట్టింది, అదే, పనసాకు బుట్టలో ఉడికించే ఇడ్లీ. వాళ్ళమ్మ వండిందట. పనసాకు వాసన ఇంకా పోలేదు. అప్పుడు గానీ బిళ్ళ తీసుకోలేదు. కళ్ళకద్దుకుని, కూతురి పేరు అనుకుని, కిటికీ ఊచల్లోంచి విసిరింది.

టంగుమంది.

దూలానికి తగిలిందే! ఇనుము మీద పడి ఎటో ఎగిరింది. నీళ్ళలో పడిందో, అక్కడే ఉండిపోయిందో. చీకటి. ఆ పిల్ల మొహం చూడలేకపోయాను. "తీసుకోలేదండి, గోదారమ్మ తీసుకోలేదండి" అని ఒకటే మాట. పడే ఉంటుందమ్మా అన్నాను, వినదు. నిజం చెప్పనా? ఆ క్షణాన నాకూ గుండె ఝల్లుమంది. ఇలాంటివి నమ్ముతావా అని నువ్వడుగుతావు. ఏమో. ఆ వంతెన మీద ఉన్నప్పుడు నమ్ముతానే.

బండి నెమ్మదిగానే పోతోంది, వంతెన దాదాపు మూడు కిలోమీటర్లుంటుంది కదా. ఇంకో బిళ్ళ వేయడానికి వ్యవధి ఉంది. కానీ బిళ్ళేదీ? నా సంచీ అంతా బెర్తు మీద బోర్లించాను. మందులు, దువ్వెన, ఆ తాళం చెవి, నోట్లు. బిళ్ళ లేదు. ఎదురు బెర్తు మీది కుర్రాళ్ళని అడిగాను. పాపం ఇద్దరూ జేబులన్నీ తడుముకున్నారు. "చిల్లరెక్కడుంటుందాంటీ, అంతా ఫోన్‌పేనే" అన్నారు. కింద బెర్తు పెద్దాయన లేచి, అద్దాలు పెట్టుకుని, చొక్కా జేబులోంచి పది రూపాయల నోటు తీశారు. వాళ్ళావిడ ఆయన్ని కసిరారు, నోటు నీళ్ళలో ఎలా వేస్తారని. మొత్తం ఆ అరంతా లేచి ఒక్క రూపాయి కోసం వెతుకుతోందే! పక్క అరలోవాళ్ళు కూడా ఏం పోయిందని వచ్చారు. వరద ఎరుపు చీకట్లో ఏం కనిపిస్తుంది గానీ, ఆ నీటి వాసన మాత్రం కిటికీలోంచి కొడుతోంది, బురదా, గడ్డీ, ఎక్కడివో కొండల చల్లదనమూ.

అప్పుడు చప్పట్లు వినిపించాయి. తలుపు వైపు నుంచి ఒక హిజ్రా వస్తోంది, డబ్బులడుగుతూ. కుర్రాళ్ళు ఎప్పటిలా కళ్ళు మూసుకోబోయారు. ఆవిడ మా అర దగ్గరికొచ్చి, బోర్లించిన సంచీ, ఏడుస్తున్న పిల్లా చూసి, "ఏమైంది?" అంది. నేను చెప్పాను. రెండో ప్రశ్న వేయలేదే. నడుం దగ్గర దోపుకున్న సంచీలోంచి గుప్పెడు చిల్లర తీసి, అందులోంచి ఒక రూపాయి ఏరి, ఆ పిల్ల అరచేతిలో పెట్టి, "తొందరగా వెయ్యి, కొవ్వూరు వచ్చేస్తోంది" అంది.

ఈసారి ఆ పిల్ల చెయ్యి ఊచల్లోంచి మోచేతి దాకా బయటపెట్టి వదిలింది. మేమందరం చెవులు రిక్కించాం. చప్పుడు రాలేదు. ఒక్క లిప్తలో చక్రాల మోత మళ్ళీ మామూలైపోయింది, నేల వచ్చేసింది. పెద్దాయన అన్నారు, "పడిందమ్మా, నీళ్ళలోనే పడింది." అందరూ అలాగే తలలూపారు. ఎవరికి తెలుసే? అయినా నేనూ ఊపాను.

ఆ పిల్ల పది రూపాయల నోటు తీసి ఆవిడకిచ్చింది. ఆవిడ తీసుకుని, ఆ నోటుతో పిల్ల తల చుట్టూ దిష్టి తీసి, మళ్ళీ ఒక రూపాయి బిళ్ళ తిరిగి చేతిలో పెట్టింది. "ఇది ఖర్చు పెట్టకు. తిరిగొచ్చేటప్పుడు ఇదే వంతెన మీద వెయ్యి" అంది. నిడదవోలులో దిగిపోయింది. నేను ఇన్నేళ్ళూ వాళ్ళొస్తే కొంగు సర్దుకుని కిటికీ వైపు తిరిగేదాన్ని. పేరైనా అడగలేదే. ఇప్పుడు అదే బాధ.

నీకు మన పాత వంతెన గుర్తొచ్చిందా? 1900లో కట్టింది, 97లో బళ్ళు ఆపేశారు, ఇంకా అలాగే నిలబడి ఉంది. దాని మీదే కదే నువ్వు నా దగ్గర పావలా తీసుకుని గోదారిలో వేసి, "నీ పుణ్యం నాకు, నా అప్పు నీకు" అన్నావు! ఆ పావలాని ప్రభుత్వం కూడా రద్దు చేసింది, నువ్వు మాత్రం తీర్చలేదు. ఆ పిల్ల పొట్టిక్క ఇచ్చి మరీ బిళ్ళ తీసుకున్నప్పుడు నువ్వే నా కళ్ళ ముందున్నావు.

ఎక్కడున్నాను? ఆ, రాత్రి. తాడేపల్లిగూడెం దాటాక అందరూ పడుకున్నారు. మాకు పడకెక్కడ? సైడు సీట్లు రెండూ వాల్చి బెర్తు చేసుకుని, నా కాళ్ళు ఆ పిల్ల తల వైపు, ఆ పిల్ల కాళ్ళు నా తల వైపు. రెండు ముక్కలూ కలిసే చోట ఎత్తుపల్లం, అక్కడ నా దుప్పటి మడిచి వేశాను. ఆ పిల్ల కాగితాలు చూడమంది. ఫోను లైటులో అన్నీ చూశాను. పాస్‌పోర్టు, వీసా, పది లక్షల బీమా కాగితం. ముప్పై నిండితే గానీ ఈ పనికి పంపరు, నిండి రెండేళ్ళయింది. పాస్‌పోర్టు నకలు ఒకటి విడిగా, బట్టల మధ్య దాచుకోమన్నాను. అక్కడి మన ఎంబసీ నంబరు ఫోన్లోనే కాకుండా కాగితం మీద కూడా రాసి ఇచ్చాను. ఫోను పోతే? ఇంకా ఏమేం చెప్పాలో తెలియలేదు. నేనేం చెప్పగలనే, నేను విమానమే ఎక్కలేదు.

ఆ పిల్ల మాత్రం ఒకటి కంఠతా పట్టింది. మనకంటే కువైట్ రెండున్నర గంటలు వెనక. "పాప బడి నుంచొచ్చే నాలుగున్నరకి నాకక్కడ రెండవుతుందండి. ఆ టైములో వాళ్ళు పడుకుంటారట, నేను ఫోన్ చేసుకోవచ్చు" అంది. ఆ వేళ ఖాళీ ఇస్తారో లేదో ఇంకా తెలియదు. అప్పుడే లెక్క వేసుకుంది.

విజయవాడలో టీసీ వచ్చాడు, మంచివాడు. "ఒక అప్పర్ బెర్తు ఖాళీ అయింది, మీ ఇద్దరిలో ఎవరెళ్తారు?" అన్నాడు. నువ్వెళ్ళమ్మా, రేపు విమానం ఎక్కాలి, కాస్త నడుం వాల్చు అన్నాను. ఆ పిల్ల కదల్లేదు. "రెండేళ్ళు ఒక్కదాన్నే పడుకోవాలి కదండీ. ఈ రాత్రికి ఇలా ఉండనీండమ్మా" అంది.

నేను టీసీ వైపు చూసి వద్దన్నాను. ఆ బెర్తు ఎవరికో ఇచ్చాడు. ఖమ్మం దాటేదాకా ఆ పిల్ల పాదాలు నా చేతిలోనే ఉన్నాయే. కొత్త బూట్లు కరిచి మడమల దగ్గర తోలు లేచిపోయింది. నా కొబ్బరినూనె సీసా తీసి రాశాను. తను నిద్రపోతోందనుకున్నాను. పోలేదట, పొద్దున్న చెప్పింది.

సికింద్రాబాదులో దిగాక శంషాబాదు వెళ్ళే పుష్పక్ బస్సు దాకా వెళ్ళి ఎక్కించాను. బస్సు మెట్టు మీంచి వెనక్కి తిరిగి, రూపాయి బిళ్ళ చూపించింది. ఏమీ అనలేదు, అలా చూపించింది అంతే. అప్పుడు నేను నడిరోడ్డు మీద... సరే, అది రాయను, నీకు తెలుసు నేనెలా ఉంటానో.

అమ్మాయికి జ్వరం తగ్గింది, ఆ ముక్క చెప్పలేదు కదూ? తిరుగు ప్రయాణమూ ఒక్కదాన్నే వచ్చాను. వంతెన వచ్చేసరికి మెలకువగానే ఉన్నాను, చేతిలో రూపాయి పట్టుకుని. ఇది దూలానికి తగలకూడదని నేనూ మోచేతి దాకా...

ఇదిగో, అబ్బాయి వచ్చేశాడు, ఆటో గుమ్మంలోనే ఉందట. ఇంకా ఎంత ఉందో! ఒక్కటి చెప్పేస్తాను: వరద తగ్గగానే పడవెక్కి వాళ్ళ లంకకి వెళ్దామనుకుంటున్నాను, ఆ పాపకి నోటు పుస్తకాలు తీసుకుని. ఊరి పేరు చెప్పింది, మాకు దగ్గరే. దసరాకి నువ్వొస్తే ఇద్దరం కలిసే వెళ్దాం, చెప్పు. ఒకవేళ అప్పటికి

హారన్ కొడుతున్నారు. మాగాయ జాగ్రత్త.

నీ
అప్పులదాన్ని