మా అన్న వీడియో తీసేయండి, అసలు ఏం ఎక్కించారో కాగితం ఇవ్వండి

మేనేజ్‌మెంట్ వారికి,

గత ఏడాది మీ స్టెమ్ సెల్ సెంటర్‌లో మా అన్నకు ట్రీట్‌మెంట్ చేశారు. ఎప్పుడు ఫోన్ చేసినా సార్ మీటింగ్‌లో ఉన్నారనే చెబుతున్నారు, అందుకే రాసి పంపుతున్నాను.

మా అన్న కల్లు గీసేవాడు. పదేళ్ల కింద మోకు జారి తాటిచెట్టు మీంచి పడ్డాడు. ఇప్పుడంటే చెట్టెక్కేవాళ్లకు కాటమయ్య రక్షణ కిట్లు ఇస్తున్నారు గానీ అప్పుడు అవేమీ లేవు. వీపు పూసల్లో పదోదాని (డీ 10) దగ్గర వెన్నుపాము దెబ్బతిని బొడ్డు కింద స్పర్శా లేదు, కదలికా లేదు. మీ దగ్గరికి వచ్చేముందు వెన్నుపాము దెబ్బ తీవ్రత కొలిచే ఆసియా (ASIA) స్కేల్‌లో గ్రేడ్ ఏ, అంటే అన్నిటికంటే తీవ్రమైంది, మొన్న వేరే ఆసుపత్రిలో చూపిస్తే ఇప్పుడూ గ్రేడ్ ఏ. అంటే ఏమీ మారలేదు. మీరు మాత్రం 'పదేళ్ల తర్వాత లేచి నిలబడ్డ పేషెంట్' అని మా అన్న వీడియో పెట్టుకుని ప్రచారం చేసుకుంటున్నారు.

ఆ వీడియోలో ప్యాంటు లోపల ఉన్నవి కాలిపర్స్, అంటే కాళ్లు వంగకుండా ఆసరాగా కట్టుకునేవి. మా ఇంటి నుంచి మేం తెచ్చుకున్నవే. మోకాళ్ల దగ్గర లాక్ వేసుకుని, చేతుల బలంతో బార్లు పట్టుకుని నిలబడటం మా అన్న ఎప్పుడో నేర్చుకున్నాడు, మీ సెంటర్ పేరు కూడా వినకముందు నుంచే ఇంటి వసారాలో రోజూ అలా నిలబడుతున్నాడు. వీడియో తీసేముందు లాక్ వేసి, పట్టీ కనబడకుండా ప్యాంటు కిందికి లాగి సర్దింది మీ ఫిజియోనే, నేను పక్కనే ఉన్నాను. మేం సంతకం పెట్టింది ట్రీట్‌మెంట్ ఫారం మీద, ప్రకటనకు కాదు. అది చూసి పక్క మండలం నుంచి ఒకామె గీత కార్మికుల సంఘం వాళ్ల దగ్గర నా నంబర్ తీసుకుని ఫోన్ చేసింది. ఆమె భర్తా చెట్టు మీంచి పడ్డవాడే. ఉన్న అర ఎకరం అమ్మి మీకు కట్టాలని చూస్తున్నారు, అన్న నిజంగానే నడుస్తున్నాడా అని అడిగింది. లేదని చెప్పాను.

ఈ ట్రీట్‌మెంట్‌ని జపాన్ ప్రభుత్వమే అనుమతించిందని మీ కౌన్సెలర్ మాకు చెప్పాడు. జపాన్ 2018లో ఇచ్చింది షరతులతో, ఏడేళ్ల గడువు పెట్టి ఇచ్చిన అనుమతి, అదీ దెబ్బ తగిలిన 31 రోజుల్లోపు పేషెంట్ నుంచి బోన్ మ్యారో తీసి, ల్యాబ్‌లో కణాలు పెంచి ఎక్కించేదానికి. జపాన్‌లోనే కెయో యూనివర్సిటీ వాళ్లు ఐపీఎస్ కణాలు (మామూలు కణాలను ల్యాబ్‌లో మార్చి చేసిన స్టెమ్ సెల్స్) నుంచి తయారుచేసినవి పెట్టిన నలుగురూ కొత్తగా దెబ్బ తగిలినవాళ్లే, వాళ్లలో మెరుగైంది ఇద్దరు. ఏళ్లు గడిస్తే దెబ్బ తగిలిన చోట మచ్చకట్టి, లోపల గుల్ల ఏర్పడుతుంది, కొత్త గాయం మీద వచ్చిన ఫలితం చూపించి పదేళ్ల గాయానికి ప్యాకేజీ ఎలా అమ్ముతారు? ఈ తేడా మీ డాక్టర్లకు తెలియదంటే నేను నమ్మను.

మీరు చేసిందల్లా తుంటి ఎముకలోంచి బోన్ మ్యారో తీసి, అదే రోజు సాయంత్రం వెన్నులోకి ఎక్కించడం. తర్వాత తలనొప్పితో మా అన్న తల ఎత్తలేకపోయాడు, వెల్లకిలా అలాగే పడి ఉన్నాడు. మమ్మల్ని లోపలికి రానివ్వలేదు, మీ స్టాఫ్ పక్కకి తిప్పలేదు. స్పర్శ లేని మనిషిని రెండు గంటలకోసారి తిప్పాలని మా ఇంట్లో చిన్నపిల్లలకి కూడా తెలుసు! తోక ఎముక దగ్గర పడిన పుండు మానడానికి నెలలు పట్టింది, ఇన్నేళ్లలో మా అమ్మ చేతుల మీద ఒక్క పుండు కూడా పడలేదు.

డిశ్చార్జి కాగితంలో 'సెల్ థెరపీ' అని ఒక్క ముక్క ఉంది. ఏ కణాలు, ఎన్ని, ఏ ల్యాబ్‌లో శుద్ధి చేశారు, ఏమీ లేదు. బిల్లులో మూడున్నర లక్షలకు 'రీహాబిలిటేషన్ ప్యాకేజీ' అని రాశారు, స్టెమ్ సెల్ అన్న మాటే లేదు. పోర్చుగల్‌లోని లిస్బన్‌లో ముక్కు లోపలి కణాలు వెన్నుపాములో పెట్టించుకున్న ఒకామెకు ఎనిమిదేళ్ల తర్వాత అక్కడ గడ్డ పెరిగితే ఆపరేషన్ చేసి తీశారు, 2014లో వైద్య పత్రికలో వచ్చింది. అందుకే మా అన్న ఒంట్లోకి ఏం పోయిందో రేపు చూసే డాక్టర్‌కి తెలియాలి.

భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2017 మార్గదర్శకాల ప్రకారం రక్త సంబంధమైన జబ్బులకు చేసే మార్పిడి తప్ప, మిగతా స్టెమ్ సెల్ వాడకం అంతా అనుమతి ఉన్న క్లినికల్ ట్రయల్‌లోనే జరగాలి. మీది ట్రయల్ అయితే ట్రయల్స్ నమోదు చేసే సీటీఆర్ఐ రిజిస్ట్రీ నంబర్ ఇవ్వండి, ట్రయల్‌లో చేరిన పేషెంట్ దగ్గర డబ్బులెందుకు తీసుకున్నారో చెప్పండి. ట్రయల్ కాకపోతే మా డబ్బు మొత్తం తిరిగివ్వండి, పుండుకి పెట్టిన ఖర్చుతో సహా. నయం చేస్తామని ప్రకటించకూడని జబ్బుల జాబితా 1954 మ్యాజిక్ రెమెడీస్ చట్టంలో ఉంది, అందులో పెరాలసిస్ కూడా ఉందని మీ లాయర్‌ని అడిగినా చెబుతాడు.

వీడియో ఇవాళే తీసేయాలి. రికార్డులకు, డబ్బుకు 15 రోజులు. ఆ తర్వాత వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి, జిల్లా వినియోగదారుల కమిషన్‌కి, తెలంగాణ మెడికల్ కౌన్సిల్‌కి ఇదే లేఖ బిల్లులతో సహా వెళ్తుంది. రెండో డోసుకి డిస్కౌంట్ అంటూ మీ వాళ్లు మా అన్నకు ఇంకా ఫోన్లు చేస్తున్నారు, అవి ఆపండి. చెప్పేది ఏదున్నా సంతకం, స్టాంపుతో నాకు రాసి పంపండి.

ఇట్లు,
పేషెంట్ తమ్ముడు