అంబులెన్సులోనూ సీప్యాప్ ఉండాలి

సంపాదకులకు,

మా కోడలికి ఎనిమిదో నెల నిండకముందే పలమనేరులో కాన్పయింది. పాప మూలుగుతోంది. ఊపిరి తీసిన ప్రతిసారీ డొక్కలు లోపలికి పోతున్నాయి. వెంటనే తిరుపతికి తీసుకెళ్లమన్నారు. మొగిలి ఘాట్ దిగి చిత్తూరు దాటిందాకా బిడ్డకున్న ఆధారం ఆక్సిజన్ గొట్టం ఒక్కటే. ఆ టెన్షన్ పగవాళ్లకు కూడా వద్దు.

తిరుపతిలో సీప్యాప్ పెట్టారు. అంటే ముక్కులోంచి కొద్దిపాటి ఒత్తిడితో ఆగకుండా గాలి పంపే పరికరం. ముక్కుకు చిన్న గొట్టాలు, అవతలి కొస నీళ్ల సీసాలో మునిగి బుడబుడమంటూ ఉంటుంది. నెలలు నిండని బిడ్డల ఊపిరితిత్తుల్లో సర్ఫాక్టెంట్ (గాలి గదులు ముడుచుకుపోకుండా చూసే పదార్థం) తక్కువ కాబట్టి గాలి గదులు మూసుకుపోతాయట. ఈ ఒత్తిడి వాటిని తెరిచి ఉంచుతుందని నర్సమ్మ ఓపిగ్గా చెప్పింది. గొంతులోకి గొట్టం వేసి వెంటిలేటర్ పెట్టాల్సిన అవసరం చాలామంది బిడ్డలకు దీంతోనే తప్పుతుంది. మా మనవరాలికీ తప్పింది.

ముందే కాన్పయ్యేలా ఉంటే తల్లికి స్టెరాయిడ్ ఇంజెక్షన్ వేస్తారు, బిడ్డ ఊపిరితిత్తులు త్వరగా బలపడతాయి. ఖరీదైన మందేమీ కాదు. మా కోడలు రాత్రంతా నొప్పులతో ఆసుపత్రిలోనే ఉన్నా ఎవరూ వేయలేదు. అంగన్‌వాడీలో పనిచేసిన దాన్ని, నాకిది మింగుడుపడటం లేదు.

ఆక్సిజన్ మోతాదు మించితే నెలతక్కువ బిడ్డల కళ్లు దెబ్బతింటాయి. అందుకే కుప్పం, పుంగనూరు, పలమనేరు నుంచి పసిబిడ్డలను తెచ్చే అంబులెన్సుల్లో సీప్యాప్, రక్తంలో ఆక్సిజన్ ఎంతుందో చూపే పల్స్ ఆక్సీమీటర్, వాటిని వాడటం తెలిసిన మనిషి ఉండేలా జిల్లా అధికారులు చూడాలి.

– ఓ అవ్వ, పలమనేరు, చిత్తూరు జిల్లా